కె కింద కామా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డొమైన్ పేర్లలో, అంటే వెబ్‌సైటు అడ్రసుల్లో, ఒకదానిలా మరొకటి కనిపించే లాటిన్ అక్షరాల మీద వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. అచ్చులో తికమక రాకుండా ఆ అక్షరాలను వాటి రూపంతో కాక మాటల్లోనే చెబుతున్నాం.

ప్రశ్న: పాస్‌వర్డులు దాచుకునే కీపాస్ పేరుతో 2023 అక్టోబరులో గూగుల్ ప్రకటనల్లో ఒక నకిలీ సైటు వచ్చిందని చదివాను. అడ్రసు అచ్చం అసలుదానిలాగే ఉందట, తాళం గుర్తు కూడా ఉందట. ఒకే పేరు ఇద్దరికి ఎలా ఇస్తారు?
(ఒక పాఠకురాలు, హనుమకొండ)

ఒకే పేరు కాదు. నకిలీ పేరులో మొదటి అక్షరం మామూలు కె కాదు, కింద కామాలాంటి గుర్తున్న కె. లాట్వియా భాషలో అది వేరే అక్షరం. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో దాని సంఖ్య 0137. తెలుగు చదివేవారికి గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఎవరూ చూపించనక్కర్లేదు. లాట్వియా వారికి ఈ కామా కూడా అంతే. మనకు మాత్రం అది తెర మీది నలుసు.

డొమైన్ పేర్ల వ్యవస్థలో మామూలుగా నమోదయ్యేవి 26 ఆంగ్ల అక్షరాలు, పది అంకెలు, ఒక అడ్డగీత మాత్రమే. మిగతా అక్షరాలున్న పేర్లను 2003లో వచ్చిన ప్యూనీకోడ్ పద్ధతిలో వీటిలోకే మార్చి నమోదు చేస్తారు. పై నకిలీ పేరునే చూడండి. ముందుగా అందులోని మామూలు అక్షరాలు వరసగా బయటికి వస్తాయి: ఇ, ఇ, పి, ఎ, ఎస్, ఎస్. తర్వాత ఒక అడ్డగీత. ఆ వెనక వి, బి, బి. ఏ అక్షరం తీశారో, అది ఏ స్థానంలో ఉండాలో ఈ చివరి మూడే చెబుతాయి. అన్నిటికీ ముందు ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలు. ఇలా మారాక చూస్తే అసలు పేరుకూ దీనికీ చుట్టరికమే లేదు. అందుకే నమోదు సంస్థకు అందులో తప్పేమీ కనిపించదు.

ఇక తాళం గుర్తు. మీ బ్రౌజరుకూ ఆ సైటుకూ మధ్య నడిచేది ఎవరూ చదవలేరనీ, అడ్రసులో ఉన్న పేరుకే సర్టిఫికెట్ ఇచ్చారనీ మాత్రమే అది చెబుతుంది. ఆ పేరు మీరు అనుకున్న పేరేనని చెప్పదు. నకిలీ పేరు కొన్నవాడు ఆ పేరుకు సర్టిఫికెట్ నిజాయితీగానే తెచ్చుకోగలడు.

బ్రౌజర్లు ఎందుకు ఆపవంటే, పేరు మొత్తం ఒకే లిపిలో ఉంటే ఫైర్‌ఫాక్స్ దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. లాటిన్‌లో రష్యన్ రాసే సిరిలిక్ లిపి కలిపితే ప్యూనీకోడ్ రూపం చూపిస్తుంది. కామా ఉన్న కె కూడా లాటినే కాబట్టి ఆ కాపలాకు చిక్కదు. క్రోమ్ ఇంకో అడుగు వేసి, గుర్తులు తీసేసి, మిగిలిన పేరును ప్రసిద్ధ సైట్ల జాబితాతో, మీరు తరచూ చూసే సైట్లతో పోలుస్తుంది. మీ ఊరి సహకార బ్యాంకు పేరు ఆ జాబితాలో ఉంటుందని ఆశ పెట్టుకోకండి. 2017లో ఆపిల్ పేరును పూర్తిగా సిరిలిక్ అక్షరాలతో రాసి చూపించినప్పుడు క్రోమ్ 58లో ఆ దారి మూశారు. లాటిన్ లోపలి పోలికలను అలా మూయడం కుదరదు. జర్మన్లు, పోలండు వారు, వియత్నామీయులు తమ భాషను తప్పుల్లేకుండా రాసుకోవడానికి వాడే అక్షరాలే అవి.

ప్రశ్న: అడ్రసు బారులో ఎప్పుడూ ఆ కోడ్ రూపమే కనిపించేలా చేసుకోవచ్చా?
(ఒక పాఠకుడు, నెల్లూరు)

కంప్యూటర్లో ఫైర్‌ఫాక్స్ అయితే చేసుకోవచ్చు. అడ్రసు బారులో ఎబౌట్, కోలన్, కాన్ఫిగ్ అని కొట్టి, హెచ్చరికను అంగీకరించి, ఐడీఎన్ షో ప్యూనీకోడ్ అనే అమరికను వెతికి ట్రూ చెయ్యండి. తెలుగు డొమైన్లు కూడా ఇక గజిబిజిగానే కనిపిస్తాయి, అది తప్పదు. క్రోమ్‌లో ఇలాంటి మీట లేదు. అనుమానం వస్తే అడ్రసు మొత్తాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. ఎక్స్, ఎన్, రెండు గీతలతో ఏ భాగమైనా మొదలైతే అక్కడ మామూలు ఆంగ్లం కాని అక్షరం ఉన్నట్టే. బ్యాంకుల విషయంలో ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. మొదటిసారి అడ్రసు చేత్తో కొట్టి బుక్‌మార్క్ చేసుకుని, ఆ తర్వాత అందులోంచే వెళ్లండి. వెతుకుడు ఫలితాల పైన కనిపించే ప్రకటన నొక్కి వెళ్లవద్దు.

ప్రశ్న: స్తోత్రాల సైటు పెడుతున్నాం. పేరును పండితులు వాడే రోమన్ లిపిలో, అంటే దీర్ఘానికి అక్షరం మీద గీత, మూర్ధన్యాలకు (ట, డ, ణ లాంటివాటికి) కింద చుక్క పెట్టి డొమైన్‌గా తీసుకోవాలని ఉంది. చేయవచ్చా?
(ఒక పాఠకుడు, తిరుపతి)

ప్రమాణం ఒప్పుకుంటుంది. మా సలహా మాత్రం, అది ముఖ్యమైన అడ్రసుగా వద్దు.

పాఠకుడు దాన్ని కొట్టలేకపోవడం మొదటి కారణం. మామూలు కీబోర్డు మీద గీత ఉన్న ఎ దొరకదు. దొరికినా, గీత ఉన్న ఎ సంఖ్య 0101, గిన్నెలాంటి గుర్తున్న ఎ 0103. ఈ రెండూ, అలలాంటి గుర్తున్న ఎ, అడ్రసు బారులో వేలెడు దూరం నుంచి చూసినా ఒకేలా ఉంటాయి. ఫోనులో పేరు చెప్పినప్పుడు అవతలివారు ఏది కొడతారో ఊహించుకోండి.

రెండోది లోపలి చిక్కు. గీత ఉన్న ఎ ను ఒకే అక్షరంగా రాయవచ్చు, లేదా మామూలు ఎ పక్కన 0304 సంఖ్య గల గీతను విడిగా చేర్చీ రాయవచ్చు. ఎన్ఎఫ్‌సీ అనే సవరణ ఈ రెండింటినీ ఒకటి చేస్తుంది. బ్రౌజర్లు ఆ పని చేస్తాయి. చిన్న స్క్రిప్టులు కొన్ని నేరుగా ప్యూనీకోడ్‌కు పంపేసి వేరే డొమైన్ పుట్టిస్తాయి. ఋకారానికి ఆర్ కింద సున్న పెట్టే పద్ధతి మీదైతే ఇంకా కష్టం. ఆ రూపానికి ఏకాక్షరం యూనికోడ్‌లో లేదు, ఎన్ఎఫ్‌సీ చేశాక కూడా సున్న విడిగానే మిగులుతుంది. అలాంటి దాన్ని నమోదు సంస్థల అక్షరాల పట్టికలు సాధారణంగా ఒప్పుకోవు.

మూడోది పరువుకు సంబంధించినది. 2018లో క్రిప్టో ఎక్స్ఛేంజి బైనాన్స్ పేరుతో వచ్చిన నకిలీ సైటు ఏం చేసిందంటే, పేరులోని రెండు ఎన్‌ల కిందా చుక్కలు పెట్టింది. మీరు ణకారానికి వాడే గుర్తే అది! మెయిలు వడపోతలు మీ సైటును కూడా ఆ గాటనే కట్టవచ్చు.

గుర్తుల్లేని పేరు ముఖ్యంగా తీసుకోండి. మెయిలు దాని మీదే నడపండి. గుర్తులున్న పేరు మీద మనసుంటే దాన్నీ కొని, 301 అనే శాశ్వత మళ్లింపుతో మొదటిదానికి పంపండి. తెలుగు వారి కోసమే అయితే రోమన్ గుర్తుల కంటే తెలుగు లిపిలోనే, డాట్ భారత్ కింద తీసుకోవడం మేలు. తెలుగు కీబోర్డు దాదాపు ప్రతి ఫోనులోనూ ఉంది.

ప్రశ్న: మా వెబ్ సేవలో సభ్యులు చేరేటప్పుడు ఇచ్చే మెయిలు, లింకుల్లో ఇలాంటి డొమైన్లను పట్టుకోవాలి. ఏ వరసలో తనిఖీ చేయాలి? యూనికోడ్ వారి పోలికల పట్టిక ఒక్కటి సరిపోతుందా?
(ఒక ప్రోగ్రామర్, హైదరాబాద్)

సరిపోదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. సిరిలిక్ ఎ ను లాటిన్ ఎ గా, చుక్కలేని ఐ ను మామూలు ఐ గా ఆ పట్టిక చూస్తుంది. ఆర్, ఎన్ పక్కపక్కన ఉంటే ఎమ్‌లా కనిపిస్తాయనీ దానికి తెలుసు. కామా ఉన్న కె ను మాత్రం మామూలు కె తో కలపదు. గుర్తు ఉన్నదీ లేనిదీ కంటికి వేరేనని దాని లెక్క. కాబట్టి గుర్తులు తీసే పని మీరే చేయాలి.

ముందు పేరును చుక్కల దగ్గర విడదీసి, ఒక్కో లేబుల్‌నూ ఆంగ్లేతర డొమైన్ల కోసం 2010లో వచ్చిన ఐడీఎన్ఏ 2008 నియమాలతో యూనికోడ్‌లోకి తెచ్చుకోండి. పైథాన్‌తో పాటే వచ్చే ఐడీఎన్ఏ కోడెక్, జావాలోని ఐడీఎన్ క్లాసు అంతకు ముందున్న 2003 నియమాలవి, వాటిని నమ్ముకోవద్దు. పైథాన్‌కు ఐడీఎన్ఏ అనే పేరుతోనే విడి ప్యాకేజీ ఉంది, సీ భాషకు లిబ్ ఐడీఎన్ 2 ఉంది. తర్వాత, ఎన్ఎఫ్‌సీకి ఎదురు పని అయిన ఎన్ఎఫ్‌డీ చేస్తే అక్షరం, గుర్తు విడిపోతాయి. కామా ఉన్న కె అప్పుడు మామూలు కె, 0327 అవుతుంది. గుర్తును తీసెయ్యండి. పోలిష్ అడ్డగీత ఎల్, డేనిష్ గీత ఓ, గీత ఉన్న డి, చుక్కలేని ఐ ఇలా విడిపోవు. వీటికి చేత్తో చిన్న పట్టిక రాసుకోవాలి. అప్పుడు యూనికోడ్ పోలికల అస్థిపంజరం (ఒకేలా కనిపించేవాటిని ఒకే అక్షరంగా మార్చిన రూపం) తీసి, మీరు కాపాడదలచిన పేర్ల అస్థిపంజరాలతో పోల్చండి. యూనికోడ్ పనుల కోసం ఉన్న ఐసీయూ అనే కోడ్ లైబ్రరీలో దీనికి స్పూఫ్ చెకర్ సిద్ధంగా ఉంది.

గుర్తులు తీసేటప్పుడు ఒక గొయ్యి. అంతర్జాలంలో దొరికే కోడ్ చాలావరకు నాన్ స్పేసింగ్ మార్క్ (విడిగా చోటు తీసుకోని గుర్తు) వర్గంలోవన్నీ తుడిచేస్తుంది. తెలుగు గుడి, దీర్ఘం, ఎత్వం, పొల్లు ఆ వర్గంలోనివే, కొమ్ములు మాత్రం కావు. దాంతో కాకి కాస్తా కక అవుతుంది, కీలు కలు అవుతుంది. తుడిచే పని లాటిన్ అక్షరాల వెనక ఉన్న గుర్తులకే పరిమితం చెయ్యండి.

డేటాబేసు వైపు అంతకంటే పెద్ద గొయ్యి ఉంది. మైఎస్‌క్యూఎల్ 8లో మనం వేరేది ఎంచుకోకపోతే ఉండే కొలేషన్ (అక్షరాలను పోల్చే నియమం) పేరులో ఏఐ అని ఉంటుంది, అది కృత్రిమ మేధ కాదు, గుర్తులను పట్టించుకోదని అర్థం. కామా ఉన్న కె తో వెతికినా మామూలు కె ఉన్న సభ్యుడు దొరుకుతాడు. పాస్‌వర్డు మరిచిపోయానంటూ దొంగ తన గుర్తున్న మెయిలు ఇస్తే, మీ కోడ్ అసలు సభ్యుణ్ణి పట్టుకుని, లింకును దొంగ కొట్టిన అడ్రసుకు పంపుతుంది. డొమైన్‌ను ప్యూనీకోడ్ రూపంలోనే, బైనరీ కొలేషన్ ఉన్న నిలువు వరుసలో దాచండి. లింకు ఎప్పుడూ డేటాబేసులో ఉన్న అడ్రసుకే పంపండి. జావాలో చిన్నక్షరాలు చేసేటప్పుడు లోకేల్ రూట్ (ఏ భాషకూ చెందని అమరిక) ఇవ్వడం మరవొద్దు. టర్కీ అమరికలున్న సర్వరులో పెద్ద ఐ చుక్కలేని ఐ గా మారిపోతుంది.

దొరికినవాటిని వెంటనే అడ్డుకోకండి, మనిషి చూసేలా పక్కన పెట్టండి. రెండు చుక్కల యు ఉన్న జర్మన్ ఇంటిపేరూ, చుక్కల్లేని అదే ఇంటిపేరూ ఇద్దరు వేర్వేరు గౌరవనీయులవి కావచ్చు.

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉంటున్నాను. జర్మన్ పదునైన ఎస్, రెండు ఎస్‌లు డొమైన్‌లో ఒకటేనా?

2003 నియమాల్లో ఒకటే, పదునైన ఎస్ కొడితే రెండు ఎస్‌లుగా మారిపోయేది. ఐడీఎన్ఏ 2008 దాన్ని సొంత అక్షరంగా ఒప్పుకుంది. జర్మనీ నమోదు సంస్థ డెనిక్ 2010 నవంబరు 16 నుంచి వాటిని అందరికీ ఇస్తోంది. ఇప్పుడవి రెండు వేర్వేరు పేర్లు. క్రోమ్ మాత్రం 2023లో, 110వ వెర్షన్ దాకా పాత పద్ధతే పాటించింది. పాత సాఫ్ట్‌వేర్ ఒక చోటికి, కొత్తది మరో చోటికి తీసుకెళ్లే అవకాశం ఇంకా ఉంది కాబట్టి రెండు పేర్లూ మీ దగ్గరే ఉంచుకోండి.

ఇది మనకూ తగిలే సంగతే. సాఫ్ట్‌వేర్ అనే మాటలో ట వత్తు కింద వ చేరకుండా మధ్యలో కనిపించని విడదీత అక్షరం పెడతాం. 2003 నియమాలు దాన్ని తుడిచేసేవి, 2008 నియమాలు పొల్లు తర్వాత ఉంటే ఒప్పుకుంటాయి. తెలుగు డొమైన్‌కు అలాంటి మాట ఎంచుకోకపోవడమే సుఖం.

ప్రశ్న: మా వ్యాపారం పేరుతో ఎవరో డాట్ కామ్ కొన్నారు, ఐ కి బదులు చుక్కలేని ఐ. ఇలాంటివన్నీ మేమే ముందు కొనేస్తే పోదా?
(ఒక వ్యాపారి, కరీంనగర్)

లెక్క చూడండి. ఆరక్షరాల పేరు, ఒక్కో అక్షరానికి పోలికలు పది అనుకుందాం. అసలుదానితో పదకొండు. పదకొండును ఆరుసార్లు గుణిస్తే 17,71,561. అందులో మీది ఒక్కటే.

కొన్న పేరు మీద పేజీ లేకపోయినా, దానికి ఎమ్ఎక్స్ రికార్డు (మెయిలు ఏ సర్వరుకు రావాలో చెప్పేది) ఉందేమో చూడండి. ఉంటే మీ పేరుతో బిల్లుల మెయిళ్లు పంపడానికే కొని ఉండవచ్చు. మీ డొమైన్ పేరుతో ఇతరులు మెయిలు పంపకుండా మీరు పెట్టుకున్న డీమార్క్ దీన్ని ఆపదు, అది వాడి సొంత డొమైనే కదా. మీ ఖాతాదారులకు ముందే చెప్పి ఉంచండి. మోసం జరుగుతుంటే డొమైన్ల నమోదు వివరాలు చూపే ఆర్‌డాప్‌లో రిజిస్ట్రార్ (పేరు అమ్మిన సంస్థ) ఎవరో చూసి, దాని దుర్వినియోగ విభాగానికి ప్యూనీకోడ్ రూపం, తెరపటం, మెయిలు పూర్తి హెడర్లు పంపండి. ఎవరి డబ్బైనా పోతే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

పేరు మీకు దక్కాలంటే డొమైన్ తగాదాలు తేల్చే యూడీఆర్‌పీ పద్ధతి కింద ఫిర్యాదు ఉంది. మీ ట్రేడ్‌మార్కుతో తికమక కలిగించేంత పోలిక, అవతలివారికి ఆ పేరు మీద న్యాయమైన హక్కు లేకపోవడం, దురుద్దేశంతో కొని వాడటం: ఈ మూడూ రుజువు చేయాలి, రెండు సరిపోవు. వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర ఒకే నిర్ణేతతో, ఐదు డొమైన్ల వరకు రుసుము 1,500 డాలర్లు. గెలిస్తే పేరు బదిలీ లేదా రద్దు, నష్టపరిహారం రాదు. డాట్ ఇన్ పేరైతే ఫిర్యాదు దాని సొంత పద్ధతి ఐఎన్‌డీఆర్‌పీ కింద వేయాలి.

ప్రశ్న: తెలుగు లిపిలో ఈ బెడద లేదు కదా?
(ఒక పాఠకురాలు, బళ్లారి)

మీ ఊళ్లో అంగడి బోర్డులు చూసినవారు ఈ ప్రశ్న వేయకూడదు! జ, ఠ, ల లాంటివి కన్నడంలోనూ దాదాపు అదే రూపం, సంఖ్యలు మాత్రం వేరు. డొమైన్లలో అత్యున్నత స్థాయి పేర్ల (డాట్ కామ్, డాట్ భారత్ లాంటి చివరి భాగాల) కోసం, డొమైన్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 2019లో చేర్చిన తెలుగు, కన్నడ నియమాలు ఇలాంటి జతలను ఒకదానికొకటి మారురూపాలుగా లెక్కిస్తాయి. ఒక రూపం ఎవరికైనా దక్కితే రెండోది ఇంకొకరికి పోదు.