టెక్ సందేహాలు: జేబులో పట్టే డ్రైవ్‌లో సొంత కంప్యూటర్

"అన్నా, మాది గుణుపురం. బరంపురంలో మామయ్య వాళ్ళింట్లో ఉండి చదువుకుంటున్నాను. సొంత ల్యాప్‌టాప్ లేదు. ఇక్కడ మామయ్యది వాడతాను, సెలవులకు ఇంటికెళ్తే నాన్న షాపులో డెస్క్‌టాప్ ఉంది. వాళ్ళ విండోస్ జోలికి పోకుండా నా పని నేను చేసుకుందామని 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాను. బూట్ అయింది కానీ రీస్టార్ట్ చేస్తే నేను వేసుకున్న సాఫ్ట్‌వేర్లు, రాసిన ప్రోగ్రాములు అన్నీ మాయం. పైగా చాలా స్లో. ఎక్కడ తప్పు చేశాను?"

తప్పేం లేదు తమ్ముడూ, నువ్వు వేసింది లైవ్ సిస్టమ్, అంతే. ఐఎస్‌ఓ ఫైల్‌ను (సిస్టమ్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండే కాపీ) రూఫస్, ఎచర్ లాంటి టూల్‌తో పెన్‌డ్రైవ్‌కి ఎక్కిస్తే అందులో ఉండేది చదవడానికి మాత్రమే వీలున్న సిస్టమ్. నువ్వు చేసే మార్పులన్నీ ర్యామ్‌లో ఉంటాయి, మెషిన్ ఆపితే దాంతోపాటే పోతాయి. రూఫస్‌లో పర్సిస్టెంట్ పార్టిషన్ అని ఒకటుంటుంది, దాంతో మార్పులు నిలబడతాయి కూడా, కానీ రోజూ చేసే పనికి నేను అది వద్దంటాను. పెన్‌డ్రైవ్ ఫైళ్లు మోయడానికి చేసిన వస్తువు. పెద్ద సినిమా ఫైల్ ఒకటి కాపీ చేస్తే బాగానే నడుస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్ అలా కాదు, ఎప్పుడూ చిన్న చిన్న ముక్కలు రాస్తూ చదువుతూనే ఉంటుంది, అక్కడ పెన్‌డ్రైవ్ చతికిలబడుతుంది, వేడెక్కుతుంది, అలా కొన్నాళ్ళు వాడితే చెడిపోతుంది కూడా.

నీకు కావలసింది ఎస్‌ఎస్‌డీ, అంటే కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్‌కి బదులు పెట్టే వేగమైన డ్రైవ్. 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, దాన్ని బయటి నుంచి తగిలించుకోవడానికి యూఎస్‌బీ 3.0 కేసు ఒకటి, అంతకు మించి అక్కర్లేదు. ఎవరైనా ల్యాప్‌టాప్‌లోంచి తీసేసిన పాతది బాగున్నా పర్వాలేదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు గమ్యంగా ఈ ఎస్‌ఎస్‌డీని ఎంచుకుంటావు. వాడేటప్పుడు నీలం పోర్టుకే పెట్టు, అది సెకనుకు 5 గిగాబిట్‌ల దారి, పాత యూఎస్‌బీ 2.0 అయితే 480 మెగాబిట్‌లే.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. డ్రైవ్ సరిగ్గానే ఎంచుకున్నా, సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్ మాత్రం చాలాసార్లు కంప్యూటర్ లోపలి డిస్క్ మీదికి వెళ్ళి కూర్చుంటుంది. మా బావగారి కంప్యూటర్‌లో నాకు ఇదే జరిగింది. ఆయన దగ్గర ఎంతో చక్కగా నడిచిన డ్రైవ్, మా ఇంటికొచ్చి పెడితే బూటే కాలేదు. అక్కడేమో డ్రైవ్ తీసేశాక ఆయన విండోస్ రాకుండా నల్లటి స్క్రీన్ మీద గ్రబ్ (లినక్స్ బూట్‌లోడర్ పేరు) అని వచ్చింది. ఆయన లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి, బూట్ ఆర్డర్‌లో విండోస్‌ను మళ్ళీ పైకి తెచ్చేదాకా నాకు ఊపిరాడలేదు. మీ నాన్నగారికి ఆ టెన్షన్ పెట్టకు. షాపు మూసిన రోజు డెస్క్‌టాప్ పవర్ ప్లగ్ తీసేసి, క్యాబినెట్ తెరిచి, లోపలి హార్డ్‌డిస్క్‌కి వెళ్ళే సాటా కేబుల్ ఊడదీసి, అప్పుడు ఇన్‌స్టాల్ చెయ్యి. కనిపించే డిస్క్ ఒకటే అయితే బూట్‌లోడర్‌కి వేరే దారి ఉండదు. పని అయ్యాక కేబుల్ మళ్ళీ పెట్టెయ్. అంతకుముందు రెండు కంప్యూటర్లలోనూ విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ దగ్గర ఏముందో చూడు. రెండుచోట్లా యూఈఎఫ్ఐ (కొత్త రకం బూట్ పద్ధతి) అని ఉంటే దిగులు లేదు, డెస్క్‌టాప్‌లో లెగసీ (పాత రకం) అని ఉంటే పద్ధతి మారుతుంది, నాకు మళ్ళీ రాయి.

మామయ్య ల్యాప్‌టాప్‌లో బయోస్ సెట్టింగ్స్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో అడుగు. ఉంటే 48 అంకెల రికవరీ కీ ఆయన చేతిలో ఉన్నాకే ముందుకెళ్ళు, ఎందుకంటే సెక్యూర్ బూట్ (నమ్మదగిన సిస్టమ్‌నే లేవనిచ్చే సెట్టింగ్) మారిస్తే విండోస్ ఆ కీ అడగొచ్చు. నిజానికి మింట్‌కి సెక్యూర్ బూట్ ఆపాల్సిన పని సాధారణంగా రాదు. ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కు, డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, అందులో నీ డ్రైవ్ ఎంచుకుంటే చాలు. రైల్లో తిరిగే డ్రైవ్ కాబట్టి ఇన్‌స్టాల్ అప్పుడే ఎన్‌క్రిప్షన్ పెట్టుకో, పోతే డ్రైవే పోతుంది, నీ ఫైళ్లు ఎవరి చేతికీ చిక్కవు. నడుస్తుండగా కేబుల్ కదిలితే మొత్తం బిగుసుకుపోతుంది, పొట్టి కేబుల్ వాడు. ముఖ్యమైన ఫైళ్లకు ఇంకోచోట కాపీ ఉండాల్సిందే.

పర్లాకిమిడి నుంచి ఒక మాస్టారు తన కంప్యూటర్ విండోస్ 11కు పనికిరాదని, దాన్ని బయటి డ్రైవ్‌లో వేసుకోవచ్చా అని అడిగారు. మాస్టారూ, విండోస్‌ను యూఎస్‌బీ డ్రైవ్ నుంచే నడిపే మైక్రోసాఫ్ట్‌దే విండోస్ టు గో అని ఒకటి ఉండేది, విండోస్ 8తో వచ్చింది, అదీ ఎంటర్‌ప్రైజ్ వాళ్ళకే, 2020లో తీసేశారు. మామూలు ఇన్‌స్టాలర్ యూఎస్‌బీ డ్రైవ్ మీద వెయ్యనంటుంది. రూఫస్‌తో చేయొచ్చు గానీ లైసెన్స్ సంగతి వేరు, పెద్ద అప్‌డేట్లు సజావుగా ఎక్కవు. విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి మీ తొందర నాకు అర్థమైంది. ప్రశ్నపత్రాలు, బ్రౌజర్ వరకే మీ పని అయితే పైన చెప్పినట్టే మింట్ వేసి, ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌తో ఒక నెల చూడండి.

రాయగడలో జిరాక్స్ షాపు నడిపే అక్క రెండు అడిగారు. లినక్స్ వాడాక విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోందట. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైమ్ రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుని చదువుతుంది. ఆ తేడానే ఐదున్నర గంటలు. విండోస్ డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నౌ నొక్కండి, నెట్ ఉంటే సరైపోతుంది. ఇక తెలుగు, ఒడియా రెండూ టైప్ చేయాలన్నారు. మింట్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్స్ కింద రెండూ జత చేసుకోండి, ఒడియా అక్కడ ఒరియా పేరుతో కనిపించొచ్చు. రెండూ ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకు ఒకే తీరు కీల అమరిక) పద్ధతే కాబట్టి తెలుగు క ఏ కీ మీద ఉందో ఒడియా క కూడా ఆ కీ మీదే ఉంటుంది. ఒకటి చేతికి అలవాటైతే రెండోదానికి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు.