డిగ్రీలో ఫైనాన్స్: కోర్సు పేరు కాదు, పేపర్లు చూడండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ రెండో సంవత్సరం. డిగ్రీలో ఫైనాన్స్ తీసుకుంటానంటోంది. బీకామా, బీబీఏనా? పక్కనే సీఏ కూడా చేయించమని చుట్టాలు చెబుతున్నారు. రెండూ కుదురుతాయా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఎంఈసీ కావడం కలిసొచ్చేదే. ఢిల్లీ యూనివర్సిటీలోని షహీద్ సుఖ్‌దేవ్ కాలేజ్ ఆఫ్ బిజినెస్ స్టడీస్‌లో ఫైనాన్షియల్ ఇన్వెస్ట్‌మెంట్ అనాలిసిస్ పేరుతో బీబీఏ ఉంది. కేంద్రీయ వర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీలో గణితం రాయనివాళ్లకు అందులో సీటు రాదు. గణితం లేని సీఈసీ పిల్లలకు అక్కడే దారి మూసుకుపోతుంది.

మన దగ్గరే చేర్చాలనుకుంటే దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం) ఆప్షన్లు పెట్టేముందు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో సెమిస్టర్లవారీ సిలబస్ దించుకోండి. అకౌంటింగ్ కనీసం రెండు సెమిస్టర్లు, స్టాటిస్టిక్స్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్, ఇన్వెస్ట్‌మెంట్, డెరివేటివ్స్ (షేర్ల వంటివాటి ధర మీద ఆధారపడే ఒప్పందాలు) ఉన్నాయో లేదో చూడండి. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్‌లో ప్రోగ్రామింగ్ పేపర్లు కొంత చోటు తీసుకుంటాయి. బీబీఏలో మార్కెటింగ్, హెచ్‌ఆర్ కలిసే ఉంటాయి, ఫైనాన్స్ చాలాచోట్ల చివర్లో ఎలక్టివ్‌గా వస్తుంది. దాన్ని ఎంచుకున్నవాళ్లు పది మందే ఉంటే కాలేజీ ఆ ఎలక్టివ్ నడపకపోవచ్చు. కిందటేడు నడిపారా, ఎంతమందితో నడిపారు అని ఆఫీసులో కాదు, రెండో, మూడో ఏడాది పిల్లల్ని అడగండి. అకౌంట్స్ పునాది కావాలనుకుంటే నా ఓటు బీకాంకే.

చేర్చేముందు ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. రూ.10 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెలవారీ కిస్తీల పట్టిక మొత్తం 240 వరుసలూ ఎక్సెల్‌లో తనే వేయాలి. కిస్తీ సుమారు రూ.8,997 వస్తుంది. మొదటి నెల అందులో రూ.7,500 వడ్డీకే పోతుంది. అసలు వాటా వడ్డీని దాటేది 149వ కిస్తీలో, అంటే పన్నెండేళ్లు దాటాక. అలా ఎందుకవుతుందో తవ్వి చూడాలనిపిస్తే ఈ చదువు ఆమెకు సరిపడుతుంది. పట్టిక వేయడమే విసుగనిపిస్తే మూడేళ్లూ విసుగే. షేర్లు కొనడం, అమ్మడం నేర్పుతారనుకుని చేరేవాళ్లు మొదటి సెమిస్టర్‌లో జర్నల్ ఎంట్రీలు (లావాదేవీలను ఖాతా పుస్తకంలో రాయడం) చూసి డీలా పడుతుంటారు.

ఇక సీఏ. అందులో తొలి మెట్టు ఫౌండేషన్ పరీక్షను డిగ్రీతో పాటు రాయవచ్చు. 4 పేపర్లు, 400 మార్కులు. ప్రతి పేపర్‌లో 40, మొత్తం మీద 200 రావాలి. గణితం, ఎకనామిక్స్ పేపర్లలో తప్పు జవాబుకు పావు మార్కు కోత. చిక్కు తర్వాత వస్తుంది. రెండో మెట్టైన సీఏ ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ గట్టెక్కాక రెండేళ్ల ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర పని నేర్చుకునే శిక్షణ) ఉంటుంది, పగలంతా ఆఫీసే. రెగ్యులర్ కాలేజీ హాజరు దానితో పొసగదు. అందుకని డిగ్రీ మూడేళ్లలో ఫౌండేషన్, ఇంటర్మీడియట్ ముగించుకుని, డిగ్రీ అయ్యాక ఆర్టికల్స్‌లో చేరితే ఊపిరి ఆడుతుంది. ఫౌండేషన్ రెండుసార్లు తప్పితే అక్కడ ఆగి ఆలోచించండి. ఐదో ప్రయత్నం దాకా లాగితే డిగ్రీ మార్కులూ పోతాయి.

సీఏ వద్దనుకుంటే రెండో ఏడాదిలో ఎన్‌ఐఎస్‌ఎం (షేర్ మార్కెట్ రంగంలో పనిచేసేవాళ్లకు సర్టిఫికెట్లిచ్చే సంస్థ) పరీక్షలు రాయించండి. మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ల పరీక్ష, సిరీస్ 5-ఏ, తేలికైనది, 50 శాతం వస్తే చాలు. రీసెర్చ్ అనలిస్ట్ పరీక్షకు 60 శాతం కావాలి, తప్పులకు కోత కూడా ఉంటుంది. సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది కాబట్టి మొదటి ఏడాదిలోనే రాయించేస్తే ఉద్యోగం దొరికే వేళకు గడువు దగ్గరపడుతుంది. పెట్టుబడుల విశ్లేషణలో అంతర్జాతీయ అర్హత అయిన సీఎఫ్‌ఏ మొదటి లెవెల్ డిగ్రీ పూర్తికి 23 నెలల లోపు ఉన్నప్పుడే రాయనిస్తారు. ఫీజు డాలర్లలో ఉంటుంది, సరదాకి కట్టేది కాదు.

ఉద్యోగాల మాటకొస్తే, హైదరాబాద్‌లోని విదేశీ బ్యాంకుల కార్యాలయాల్లో కొత్త గ్రాడ్యుయేట్లకు ఎక్కువగా దొరికేది ఫండ్ అకౌంటింగ్ (ఫండ్ల లెక్కలు రాయడం), రీకన్సిలియేషన్ (రెండు చోట్ల లెక్కలు సరిపోల్చడం), కేవైసీ (ఖాతాదారుల వివరాలు సరిచూడడం) పని. అమెరికాలో షేర్ల లావాదేవీల సెటిల్‌మెంట్ (డబ్బు, షేర్లు చేతులు మారడం) గడువు 2024 మే 28 నుంచి రెండు రోజుల బదులు ఒక్కరోజైంది. లెక్కల్లో తేడా వస్తే తేల్చడానికి దొరికే సమయం ఆ మేరకు తగ్గింది. ఇంటర్వ్యూలో జీతంతో పాటు షిఫ్టు వేళలు, రాత్రి క్యాబ్ సంగతి కూడా అడగమనండి.