కీమోలో పెరిగింది ఏ బరువు?

రొమ్ము క్యాన్సర్ చికిత్సలో బరువు గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి ఆంకాలజిస్టు, డైటీషియన్, ఫిజియోథెరపిస్టు కలిసి జవాబులిస్తున్నారు. ఒకచోట వాళ్ళలో వాళ్ళకే కుదరలేదు. దాన్ని అలాగే ఉంచాం.

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. నాలుగు కీమోలు అయ్యేసరికి నాలుగు కిలోలు పెరిగాను. వికారం వల్ల మునుపటికన్నా తక్కువే తింటున్నాను. క్యాన్సర్ వస్తే చిక్కిపోవాలి కదా అంటున్నారు చుట్టాలు. డాక్టరుగారు ఇప్పుడు బరువు సంగతి వదిలెయ్యమన్నారు. వదిలెయ్యాలా?

జవాబు: చిక్కిపోవడం ఎక్కువగా పొట్ట, పాంక్రియాస్ లాంటి క్యాన్సర్లలో చూస్తాం. తొలి దశ రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకునేవాళ్ళలో పెరగడమే మామూలు. బహిష్టులు ఇంకా ఆగని మీ వయసువాళ్ళలో మరీనూ. సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందు అండాశయాలను దెబ్బతీస్తుంది. మామూలుగా కొన్నేళ్ళు పట్టే మెనోపాజ్ మార్పు కొన్ని నెలల్లోనే వచ్చి పడుతుంది. దాంతో కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది, కండ తగ్గుతుంది. కండ తగ్గిందంటే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తీ తగ్గుతుంది. దీనికితోడు నీరసం. రోజూ నడిచే నడకలో సగం తగ్గినా, అది తిండి తగ్గినంత స్పష్టంగా మనకు తెలియదు.

స్టెరాయిడ్ సంగతి విడిగా చెప్పాలి. వాంతులకూ, డోసిటాక్సెల్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందుల రియాక్షన్లకూ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. డోసిటాక్సెల్‌కైతే సాధారణంగా ముందురోజు నుంచి మూడు రోజులు, రోజుకు రెండుసార్లు 8 మి.గ్రా. ఆ రోజుల్లో ఆకలి పెరుగుతుంది, నిద్ర పట్టదు, షుగరు పెరుగుతుంది. రెండో మోతాదు రాత్రి కాకుండా మధ్యాహ్నానికే వేసుకోవచ్చా అని అడగండి, నిద్ర కొంత నయమవుతుంది. సొంతంగా మాత్రం ఆపొద్దు. డోసిటాక్సెల్‌తో ఒంట్లో నీరు చేరకుండా ఆపేది ఆ మాత్రే. వారం వారం పాక్లిటాక్సెల్ తీసుకునేవారికి మొదటి డోసులు రియాక్షన్ లేకుండా గడిస్తే చాలాచోట్ల డాక్టర్లే దాన్ని తగ్గిస్తారు.

తక్కువే తింటున్నాననే మాటలో మీ అబద్ధం ఏమీ లేదు. కానీ వికారానికి తాగే పళ్ళరసం, కొరికే బిస్కెట్లు భోజనం లెక్కలోకి రావు. 250 మి.లీ. పళ్ళరసంలో సుమారు 110 కిలోకాలరీలు ఉంటాయి. రోజుకు మూడు గ్లాసుల చొప్పున 21 రోజుల సైకిల్లో (ఒక కీమో నుంచి తర్వాతి కీమో దాకా) దాదాపు 7,000. ఒక కిలో కొవ్వుకు 7,700 దాకా కావాలి. లెక్క ఎక్కడికి పోతోందో చూశారుగా. నోరు బాగా లేనప్పుడు చల్లని నీళ్ళలో నిమ్మరసం, అల్లం వేసి తాగినా పని జరుగుతుంది. నోటి పుండ్లుంటే నిమ్మ వద్దు.

మీ డాక్టరు మాటను బరువు తగ్గించే ప్రయత్నం ఇప్పుడు వద్దు అన్న అర్థంలో తీసుకోండి. లెక్క చూసుకోవడం మానొద్దు. వారానికి ఒకసారి, పొద్దున మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, అదే మిషను మీద బరువు చూసుకోండి. కీమో ఎక్కిన మర్నాడు చూసుకుంటే సెలైన్ బరువు కూడా కలిసొస్తుంది, అది పనికిరాదు. ప్రతి సైకిల్‌కు ముందురోజు అంకెను మాత్రమే ఒకదానితో ఒకటి పోల్చండి. దానితోపాటు బొడ్డు దగ్గర నడుము కొలత రాసుకోండి. చేతుల్లేని కుర్చీలో, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలిగారో కూడా రాయండి. బరువు మారకుండా నడుము పెరిగి, ఈ లెక్క తగ్గుతుంటే కండ పోతోంది, కొవ్వు వస్తోంది అని అర్థం. తూకం మిషను ఆ సంగతి చెప్పదు.

కండ నిలవాలంటే రోజుకు కిలో బరువుకు 1.2 గ్రాముల ప్రోటీన్ అయినా అందాలి. 60 కిలోల మనిషికి 72 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసుడు పాలలో 6 నుంచి 7, వండిన 100 గ్రాముల చేపలో 20 పైన. పప్పులు వండకముందు 100 గ్రాములకు 22 దాకా ఇస్తాయి. ఒక్క పూటలో కుక్కకుండా మూడు పూటలకు పంచండి. కిడ్నీ జబ్బున్నవారికీ, బరువు మరీ ఎక్కువున్నవారికీ ఈ లెక్క వర్తించదు, డైటీషియన్ విడిగా వేస్తారు.

ప్రశ్న: ఐదు రోజుల్లో రెండున్నర కిలోలు పెరిగాను. రాత్రి అన్నం మానేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఐదు రోజుల్లో అంత కొవ్వు రావాలంటే మామూలు తిండికి పైన 19,000 కిలోకాలరీలు తినాలి. అది జరిగే పని కాదు. అది నీరు. పాదాలు నొక్కితే గుంట పడుతోందా, పడుకుంటే ఆయాసం వస్తోందా, మెట్లెక్కలేకపోతున్నారా చూసి ఈరోజే మీ ఆంకాలజీ విభాగానికి ఫోన్ చేయండి. డాక్సోరూబిసిన్, ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందులు గుండె బలాన్ని తగ్గించగలవు. అందుకే మధ్యమధ్యలో ఎకో (గుండె స్కాన్) తీస్తారు. ఒక కాలే వాచి నొప్పిగా ఉంటే రక్తం గడ్డ అనుమానించాలి. ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే ఫోన్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

ప్రశ్న: టామోక్సిఫెన్ వల్లే లావయ్యానని నా నమ్మకం. ఒక డాక్టరు ఔనన్నారు, ఇంకొకరు కాదన్నారు. మానేద్దామనుకుంటున్నాను.

జవాబు: మానొద్దు. టామోక్సిఫెన్ అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్ రొమ్ము క్యాన్సర్ కణాల మీద పనిచేయకుండా అడ్డుకునే మాత్ర. క్యాన్సర్ రాకముందే నివారణగా 13,388 మంది మహిళలకు టామోక్సిఫెన్ గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చి చూసిన పెద్ద అమెరికా పరీక్ష ఉంది. అందులో బరువు పెరగడం టామోక్సిఫెన్ గుంపులో ఎక్కువేమీ కాలేదని 1999లో ప్రచురించారు. ఔనన్న డాక్టరు అబద్ధం చెప్పారనలేం, మాత్ర వాడే రోజుల్లో చాలామంది పెరుగుతారు. కీమో, మెనోపాజ్, వయసు అన్నీ అదే సమయంలో కలిసొస్తాయి, నింద కళ్ళముందున్న మాత్ర మీద పడుతుంది. మాత్ర ఆపితే బరువు తగ్గుతుందన్న హామీ లేదు, జబ్బు తిరగబెట్టే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. వేడి ఆవిర్లు నిద్ర చెడగొడుతున్నాయా అన్నది చెప్పండి, దానికి మందులున్నాయి. అందరికీ కుదరవు కూడా: పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందులు టామోక్సిఫెన్ పనిని దెబ్బతీస్తాయి. మెడ కింద, కాలర్ ఎముక పైన రేడియేషన్ తీసుకున్నవారైతే టి.ఎస్.హెచ్. అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ మందగించినా బరువు, నీరసం రెండూ వస్తాయి.

ప్రశ్న: నేను కీమో డేకేర్‌లో నర్సును. బరువు మాట ఎత్తితే కొందరు ఏడుస్తారు. ఎత్తకపోతే ఆరు నెలల తర్వాత ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. మా డాక్టర్లు ఒకమాట మీద లేరు. ఏం చెయ్యాలి?

జవాబు: మేమూ ఒకమాట మీద లేం. ముందుగా ఆంకాలజిస్టు వాదన: నా మొదటి పని పూర్తి మోతాదు మందు, వేళ తప్పకుండా ఎక్కించడం. తిండి తగ్గించి నీరసపడ్డ మనిషికి సైకిల్ వాయిదా పడుతుంది. చికిత్స అయ్యాక చూద్దాం. డైటీషియన్ ఒప్పుకోరు: పెరిగేది ఈ నెలల్లోనే, వచ్చాక దింపడం చాలా కష్టం, అప్పటికి నా దగ్గరకు పంపడం ఆలస్యం. 2022లో అమెరికన్ క్లినికల్ ఆంకాలజీ సొసైటీ మార్గదర్శకాలు ఈ తగువులో సగమే తీర్చాయి. నయం చేసే ఉద్దేశంతో ఇచ్చే చికిత్సలో నడక, కండ వ్యాయామం రెండూ చేయించమన్నాయి. చికిత్స మధ్యలో బరువు తగ్గించే పథకాల మీద ఔననడానికీ కాదనడానికీ ఆధారం చాలదన్నాయి. కాబట్టి వ్యాయామం మీద వాదన అక్కర్లేదు. మిగతా సగానికి మేం ముగ్గురం ఒప్పుకున్నది ఇంతే: తగ్గించడం లక్ష్యం కాదు, మొదటి సైకిల్ నాటి బరువు దగ్గర నిలబెట్టడం లక్ష్యం.

మాట ఎత్తేది జబ్బు పేరు చెప్పిన రోజు కాదు, కీమో గురించి వివరించే రోజు. జుట్టు రాలడం, వాంతులు చెప్పే వరసలోనే "ఈ మందులతో కొందరు బరువు పెరుగుతారు, తినే తప్పు వల్ల మాత్రమే కాదు" అని ఒక్క వాక్యం చేర్చండి. తర్వాత తూచేటప్పుడు "బరువు గురించి ఇవాళ మాట్లాడుకుందామా, మరోసారా?" అని అడగండి. మరోసారి అంటే వదిలెయ్యండి. తెర వెనక తూచండి, అంకెను పైకి చదవొద్దు. బరువు పెరిగితే క్యాన్సర్ తిరగబెడుతుందని భయపెట్టడం మాత్రం పొరపాటు. జబ్బు బయటపడే నాటికే ఊబకాయం ఉన్నవారిలో ఫలితాలు కొంత తగ్గాయని చాలా అధ్యయనాలు చూపాయి. చికిత్సలో వచ్చిన మూడు కిలోలకు ఆ మాటే అతికించడం న్యాయం కాదు. ఇంకో సంగతి, లావుగా ఉన్నారని కీమో మోతాదు కోసెయ్యడం ఇప్పుడు సరైన పద్ధతి కాదు. అసలు బరువు మీదే లెక్క వేయాలి.

ప్రశ్న: చంకలో గ్రంథులు తీసేశారు, చేయి కొద్దిగా వాచి ఉంటుంది. ఆ చేత్తో బరువులెత్తొద్దని అందరూ చెప్పేవారు. ఇప్పుడు ఫిజియో ఎత్తమంటున్నారు.

జవాబు: ఫిజియో మాటే వినండి. లింఫెడిమా (గ్రంథులు తీశాక చేతిలో నీరు చేరి వచ్చే వాపు) ఉన్న 141 మందికి ఏడాదిపాటు చేసిన పరీక్ష 2009లో వచ్చింది. వారానికి రెండుసార్లు బరువులెత్తినా చేయి వాపు పెరగలేదు, ఉన్నట్టుండి వాపు ముదిరే సందర్భాలు తగ్గాయి. కిటుకు నెమ్మదితనంలో ఉంది. గాయం పూర్తిగా మానాక, సర్జన్ సరేనన్నాక, కొలత ప్రకారం చేయించిన కంప్రెషన్ స్లీవ్ (చేతిని బిగుతుగా పట్టి ఉంచే తొడుగు) వేసుకుని, అరకిలోతో 10 సార్లు మొదలుపెట్టండి. రెండు విడతలు చేయి బరువెక్కినట్టు అనిపించడం, బిగుతు, నొప్పి లేకుండా గడిస్తేనే తర్వాతి చిన్న మెట్టు. వారం మానేస్తే పాత బరువు దగ్గరకు ఒక్కసారిగా వెళ్ళొద్దు, తగ్గించి మళ్ళీ ఎక్కండి. చెడేది ఎక్కువగా ఇక్కడే. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, చేయి ఎర్రబడినా వ్యాయామం ఆపి వెంటనే ఆస్పత్రికి కబురు చేయండి.

నడక వారానికి 150 నిమిషాలు లక్ష్యం. కీమో తర్వాతి మూడు నాలుగు రోజులు పదేసి నిమిషాలైనా చాలు.

ప్రశ్న: చికిత్స అయిపోయింది, టామోక్సిఫెన్ మాత్రమే వాడుతున్నాను. కీటో, ఉపవాసం, బరువు తగ్గించే ఇంజెక్షన్, వీటిలో ఏది మేలు?

జవాబు: కీటోకు (పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి) ఈ జబ్బులో ప్రత్యేక లాభం ఉందన్న గట్టి ఆధారం లేదు. ఉపవాసంలో ప్రోటీన్ లెక్క తప్పుతుంది, పోయేది మళ్ళీ కండే. సెమాగ్లుటైడ్ వంటి ఇంజెక్షన్లను మీ ఆంకాలజిస్టుకు తెలియకుండా మొదలుపెట్టొద్దు. వాటితోనూ కొవ్వుతోపాటు కండ తగ్గుతుంది కాబట్టి బరువుల వ్యాయామం వాటికి జత. రొమ్ము పునర్నిర్మాణ ఆపరేషన్ ఉంటే ఈ ఇంజెక్షన్ సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. అది కడుపును ఆలస్యంగా ఖాళీ చేస్తుంది, మామూలుగా చెప్పే ఆరు గంటల పరగడుపు చాలకపోవచ్చు.