పైప్‌లో డంప్ ఫెయిలైనా స్క్రిప్ట్‌కి సున్నా ఎందుకొస్తోంది?

మీరు అడిగింది ఇదీ: పైతాన్‌లో ఓఎస్.సిస్టమ్ (షెల్ కమాండ్ నడిపే ఫంక్షన్) వాడి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బ్యాకప్ తీసే పీజీ_డంప్ అవుట్‌పుట్‌ని ఫైళ్లు కుదించే జీజిప్‌కి పైప్ చేస్తున్నారు, అంటే నేరుగా దాని ఇన్‌పుట్‌గా పంపుతున్నారు. పాస్‌వర్డ్ తప్పు ఇచ్చినా 0 (తప్పేమీ జరగలేదని అర్థం) వస్తోంది, పనికిరాని బ్యాకప్ ఫైలు తయారవుతోంది. పైప్ తీసేస్తే 256 వస్తోంది. చుట్టూ ట్రై-ఎక్సెప్ట్ పెట్టినా ఏదీ అందులో పడట్లేదు.

ట్రై-ఎక్సెప్ట్‌లో ఏదీ పడదు. కమాండ్ ఫెయిలైందని ఓఎస్.సిస్టమ్ ఎక్సెప్షన్ ఇవ్వదు, ఒక సంఖ్య మాత్రం చేతిలో పెడుతుంది. లైనక్స్‌లో అది నేరుగా ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగుస్తూ ఇచ్చే సంఖ్య) కూడా కాదు. ఎగ్జిట్ కోడ్ పై 8 బిట్లలో ఉంటుంది కాబట్టి 256 అంటే 1, 512 అంటే 2. దీన్ని అలాగే స్క్రిప్ట్‌ని ముగించే సిస్.ఎగ్జిట్‌కి ఇస్తే ఇంకో గొయ్యిలో పడతారు: బయటికి వెళ్లేది కింది 8 బిట్లే, అంటే 256 కాస్తా 0 అయిపోతుంది. మీ స్క్రిప్ట్‌ని నడిపిన ప్రోగ్రామ్ పని సవ్యంగా జరిగిందనే అనుకుంటుంది.

ఇక పైప్. షెల్ మామూలుగా పైప్‌లైన్‌లో చివరి కమాండ్ కోడ్‌నే తిరిగిస్తుంది. డంప్ చచ్చిపోయింది, జీజిప్‌కి ఖాళీ ఇన్‌పుట్ అందింది, ఖాళీని కుదించడం దాని దృష్టిలో తప్పేమీ కాదు. అందుకే 0. ఆ ఫైలు సైజు చూడండి, సరిగ్గా 20 బైట్లు ఉంటుంది: లోపల ఏమీ లేని జీజిప్ ఫైలు సైజు అది.

పైప్‌లైన్‌లో ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిలైనట్టు చూపే పైప్‌ఫెయిల్ ఆప్షన్ పెట్టమని చాలామంది చెబుతారు. బాష్ షెల్‌లో అది పనిచేస్తుంది. కానీ ఓఎస్.సిస్టమ్ గానీ, సబ్‌ప్రాసెస్‌లో (కమాండ్లు నడిపే పైతాన్ మాడ్యూల్) షెల్=ట్రూ గానీ పిలిచేది ఎస్‌హెచ్ అనే షెల్‌ని. డెబియన్, ఉబుంటుల్లో అది డ్యాష్ అనే వేరే షెల్, దాని చాలా వెర్షన్లకు పైప్‌ఫెయిల్ తెలియదు. నన్నడిగితే డిస్క్‌లో చోటుంటే పైపే వద్దు. సబ్‌ప్రాసెస్.రన్‌కి ఆర్గ్యుమెంట్లు లిస్టుగా ఇచ్చి, చెక్=ట్రూ (ఫెయిలైతే ఎక్సెప్షన్ ఇమ్మని) పెట్టి, డంప్‌ని ముందు తాత్కాలిక పేరుతో ఫైల్లోకి రాయించండి. తర్వాత ఇంకో రన్‌తో జీజిప్ చేయండి. రెండూ నెగ్గాకే ఓఎస్.రీప్లేస్‌తో అసలు పేరు పెట్టండి. అప్పుడు సగం రాసిన ఫైలు నిన్నటి మంచి బ్యాకప్‌ని తుడిచేయదు. చోటు చాలకపోతే రెండు పోపెన్లు (కమాండ్‌ని మొదలుపెట్టి, అది ముగిసేదాకా ఆగనివి) కలపాలి. అప్పుడు మొదటిదాని ఎస్‌టీడీఅవుట్‌ని (అవుట్‌పుట్ వచ్చే దారి) పేరెంట్‌లో, అంటే మీ స్క్రిప్ట్‌లో, మూసేయడం, చివర్లో రెండింటి రిటర్న్‌కోడ్లూ చూడడం మరవకండి.

ఎక్సెప్ట్‌లో ఏం పట్టుకోవాలన్నది అసలు విషయం. అన్నింటినీ ఒకే ఎక్సెప్ట్‌లో పడేస్తే తర్వాత కారణం వెతకలేరు. కమాండ్ అసలు మొదలే కాకపోతే ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ లేదా పర్మిషన్‌ఎర్రర్ వస్తుంది. మొదటిది చూడగానే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ కాలేదనుకోకండి, సీడబ్ల్యూడీకి (కమాండ్ ఏ ఫోల్డర్‌లో నడవాలో చెప్పేది) ఇచ్చిన ఫోల్డర్ లేకపోయినా అదే వస్తుంది. టెర్మినల్లో నడిచి క్రాన్‌లో (వేళకి పనులు నడిపే ప్రోగ్రామ్) నడవకపోతే పాత్ (కమాండ్లని వెతికే ఫోల్డర్ల జాబితా) చూడండి, అక్కడ అది చాలా చిన్నది. షెల్=ట్రూ పెడితే కమాండ్ వల్ల వచ్చే ఈ రెండు ఎక్సెప్షన్లూ మాయమై 127, 126 కోడ్లుగా మారతాయి.

కమాండ్ మొదలై ఫెయిలైతే వచ్చేది కాల్డ్‌ప్రాసెస్‌ఎర్రర్. రిటర్న్‌కోడ్ మైనస్‌లో ఉంటే దాన్ని సిగ్నల్ చంపింది: -9 అంటే సిగ్‌కిల్ (ప్రాసెస్‌ని బలవంతంగా ఆపే సిగ్నల్), మెమరీ చాలక కెర్నల్ చంపినా ఇలాగే కనబడుతుంది. మధ్యలో షెల్ ఉంటే అదే 137గా రావచ్చు, 128కి 9 కలిపితే వచ్చేది. ఈ ఎక్సెప్షన్‌ని ప్రింట్ చేస్తే కమాండ్, కోడ్ మాత్రమే కనబడతాయి. అసలు కారణం ఎస్‌టీడీఎర్‌లో (కమాండ్ ఎర్రర్ సందేశాలు రాసే దారి) ఉంటుంది. క్యాప్చర్_అవుట్‌పుట్=ట్రూ, టెక్స్ట్=ట్రూ ఇచ్చి (పైతాన్ 3.7 నుంచి ఉన్నాయి) దాన్ని మీరే లాగ్‌లో రాయాలి. కమాండ్ మొత్తం లాగ్‌లోకి వెళ్తుంది కాబట్టి కనెక్షన్ స్ట్రింగ్‌లో పాస్‌వర్డ్ ఇరికించవద్దు, హోమ్ ఫోల్డర్‌లో .పీజీపాస్ ఫైల్లో పెట్టి పర్మిషన్ 0600 చేయండి. పీజీ_డంప్‌కి -డబ్ల్యూ (చిన్న అక్షరం) ఇస్తే పాస్‌వర్డ్ కోసం ఆగి కూర్చోకుండా వెంటనే ఫెయిలవుతుంది.

చెక్=ట్రూ అన్నిచోట్లా కుదరదు. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ 1 ఇస్తే వెతికింది దొరకలేదని అర్థం, 2 ఇస్తేనే ఎర్రర్. ఫైళ్లని పోల్చే డిఫ్‌లో 1 అంటే తేడా ఉందని. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌లో 24 అంటే కాపీ చేస్తుండగా కొన్ని ఫైళ్లు మాయమయ్యాయని, చాలాసార్లు వదిలేయొచ్చు. ఇలాంటివాటికి చెక్ తీసేసి రిటర్న్‌కోడ్‌ని మీరే పోల్చండి.

టైమ్‌అవుట్ విషయంలో ఒక మెలిక ఉంది. రన్‌కి టైమ్‌అవుట్=30 ఇచ్చినా అది చంపేది నేరు చైల్డ్‌నే. షెల్=ట్రూ అయితే షెల్ పోతుంది గానీ అది పుట్టించిన ప్రాసెస్ పైప్‌ని పట్టుకుని బతికే ఉండొచ్చు, పాత పైతాన్ వెర్షన్లలోనైతే అది వదిలేదాకా రన్ కూడా కదిలేది కాదు. షెల్ తప్పదనుకుంటే పోపెన్‌కి స్టార్ట్_న్యూ_సెషన్=ట్రూ ఇచ్చి, గడువు దాటగానే ఓఎస్.కిల్‌పీజీతో గుంపు మొత్తాన్నీ చంపండి.

మార్చాక డంప్ స్థానంలో ఒకసారి లేని కమాండ్ పేరు, ఒకసారి ఫాల్స్ కమాండ్ (ఎప్పుడూ ఫెయిలయ్యేది), ఒకసారి స్లీప్ 300 పెట్టి వేరే టెర్మినల్ నుంచి కిల్ -9 కొట్టి చూడండి. లాగ్‌లో మూడు వేర్వేరు సందేశాలు రావాలి, మూడుసార్లూ పాత బ్యాకప్ చెక్కుచెదరకుండా ఉండాలి.