‘గాస్ప్’ అనే ఇంగ్లీషు మాటకు అర్థమేమిటి, అది ఎక్కడి నుంచి వచ్చింది?

‘గాస్ప్’ అంటే ఆశ్చర్యం, భయం, నొప్పి వంటివి కలిగినప్పుడు నోరు తెరిచి ఒక్కసారిగా ఊపిరి లోపలికి పీల్చడం. ఆవులించడం అనే అర్థమున్న ‘గెయ్‌స్ప’ అనే ప్రాచీన నార్స్ (స్కాండినేవియా ప్రాంతపు పాత భాష) క్రియ నుంచి ఈ మాట మధ్యయుగపు ఇంగ్లీషులోకి వచ్చిందని నిఘంటుకారులు భావిస్తారు. ఆవులింతకూ ఉలికిపాటుకూ పొంతన లేదనిపించవచ్చు గానీ, రెండింటిలోనూ నోరు బాగా తెరుచుకుని గాలి లోపలికి పోతుంది కనుక అర్థం అటు నుంచి ఇటు జరగడం వింతేమీ కాదు. చన్నీళ్ళు హఠాత్తుగా ఒంటిమీద పడినప్పుడు మన ప్రమేయం లేకుండానే లోపలికి పోయే ఆ మొదటి శ్వాసే గాస్ప్. దీన్ని నిట్టూర్పు అనుకోవడం పొరపాటు. నిట్టూర్పులో ఊపిరి బయటికి వస్తుంది, దానికి ఇంగ్లీషులో ‘సై’ అనే వేరే మాట ఉంది. ఊపిరాడక ఎగపీల్చడాన్ని కూడా ‘గాస్ప్’ అనే అంటారు.