కాంతిని కాంతిగానే దారి మళ్లించలేమా?

ప్రశ్న: ఆప్టికల్ ఫైబర్‌లో వచ్చిన సమాచారాన్ని కూడలిలో విద్యుత్తుగా మార్చి, ఆ తర్వాతే దారి మళ్లిస్తారని చదివాను. కాంతిని నేరుగా మళ్లించడం సాధ్యం కాదా?

జవాబు: సాధ్యమే. ఆప్టికల్ సర్క్యూట్ స్విచింగ్‌లో రెండు కేంద్రాల మధ్య దారిని ముందే ఖరారు చేసి, అతిచిన్న అద్దాలను వంచి కాంతిపుంజాన్ని కోరిన ఫైబర్‌లోకి పంపుతారు. గూగుల్ తన డేటా సెంటర్లలో ఇలాంటి స్విచ్‌లను వాడుతోంది. అయితే అద్దం కదలడానికి మిల్లీసెకన్లు పడుతుంది కనుక, ఒక్కో ప్యాకెట్‌ను (సమాచారాన్ని విడగొట్టి పంపే చిన్న ముక్కను) విడిగా మళ్లించడానికి అది పనికిరాదు.

అసలు చిక్కు ప్యాకెట్ల దగ్గరే ఉంది. రెండు ప్యాకెట్లు ఒకేసారి ఒకే దారి కోరితే ఒకదాన్ని కాసేపు ఆపాలి. విద్యుత్తు రూపంలోనైతే మెమరీలో దాచవచ్చు గానీ, కాంతికి అంత అనువైన మెమరీ నేటికీ లేదు. ఫైబర్ చుట్టలో తిప్పి ఆలస్యం చేయబోతే, కిలోమీటరు చుట్టకు దక్కేది సుమారు 5 మైక్రోసెకన్లే. ఈ ఇబ్బందిని తప్పించడానికే 1990ల చివర ఆప్టికల్ బర్స్ట్ స్విచింగ్‌ను ప్రతిపాదించారు. ఒకే గమ్యానికి వెళ్లే ప్యాకెట్లను నెట్‌వర్క్ అంచున గుత్తిగా కట్టి, ముందుగా ఒక నియంత్రణ సంకేతాన్ని వేరే తరంగదైర్ఘ్యంపై పంపుతారు. కూడలిలో విద్యుత్తుగా మారేది ఆ సంకేతమే, గుత్తి మాత్రం కాంతిగానే సాగిపోతుంది. నా దృష్టిలో ఇది ఎంతో అందమైన ఆలోచన. కానీ దారి దొరికిందన్న జవాబు రాకముందే గుత్తి బయలుదేరుతుంది కాబట్టి, మధ్యలో దారి ఖాళీ లేకపోతే అందులోని ప్యాకెట్లన్నీ ఒకేసారి పోయే ప్రమాదం ఉంది.