మందులు మానేసిన చెల్లెమ్మకు

పర్లాకిమిడి నుంచి రాసిన చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిగతా పాఠకులకు తెలియడం కోసం మీ సంగతి క్లుప్తంగా చెబుతాను. మీకు 31 ఏళ్ళు, మూడేళ్ళ పాప. పెళ్ళికి ముందే ఫొటోగ్రఫీ నేర్చుకుని, ఇంటి ముందుగదిలో చిన్న స్టూడియో పెట్టారు. పాప పుట్టిన కొన్ని నెలలకే మణికట్లు, వేళ్ళు వాచాయి. విశాఖలో డాక్టరు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళ జబ్బని తేల్చి మెథోట్రెక్సేట్ మాత్రలు రాశారు. మొన్న స్వస్థత కూటంలో ప్రార్థన చేయించుకున్నాక, ఇంకా మాత్రలు మింగితే అవిశ్వాసమేనని చర్చి సంఘంలో పెద్దమ్మలు అన్నారు. మానేశారు. ఇప్పుడు షట్టర్ నొక్కడమే కష్టంగా ఉంది. మాఘంలో మూడు పెళ్ళిళ్ళకు అడ్వాన్సు తీసుకున్నారు. అత్తగారు స్టూడియో మూసేసి రెండో బిడ్డను కనమంటున్నారు. మీవారు మాత్రం అప్పు చేసైనా పెద్ద కెమెరా కొందామంటున్నారు.

ముందు మందుల సంగతి. ఈ వారంలోనే డాక్టరుతో మాట్లాడండి. ఇంట్లో మిగిలిన మాత్రలు మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టకండి. ఈ మందు వారానికి ఒక్కరోజే వేసుకునేది, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మధ్యలో ఆపేశారు కాబట్టి రక్తపరీక్ష చేయించి ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో ఆయనే చెప్పాలి. రెండో బిడ్డ ఆలోచన కూడా దాచకుండా చెప్పండి. మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది, గర్భం కోసం ప్రయత్నించడానికి కొన్ని నెలల ముందే ఆపి వేరే మందుకు మారాలి. అంటే రెండో బిడ్డ ఎప్పుడన్నది మీరూ మీవారూ డాక్టరూ కలిసి తేల్చుకోవలసిన విషయం, అత్తగారు ముహూర్తం పెట్టేది కాదు. ఆవిడ దీన్ని బాలింత వాతం అంటున్నారని రాశారు. చన్నీళ్ళలో చేయి పెట్టడం వల్ల వచ్చిన జబ్బు కాదమ్మా ఇది. ఒంట్లో రోగాలతో పోరాడవలసిన శక్తే కీళ్ళ మీదికి తిరగబడడం వల్ల వస్తుంది. కాన్పు తర్వాత నెలల్లో బయటపడడం చాలామంది ఆడవాళ్ళలో చూస్తాం. మీ తప్పేమీ లేదు.

ఇక విశ్వాసం. మీకు ఎక్కువ నొప్పి ఇక్కడే ఉందని మీ అక్షరాల్లోనే తెలుస్తోంది. యెషయా 38వ అధ్యాయం ఒకసారి తీయండి. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడి ఉన్నాడు, గోడవైపు తిరిగి ఏడ్చాడు, దేవుడు విన్నాడు. మరో 15 ఏళ్ళ ఆయుష్షు ఇస్తానని ప్రవక్త నోటనే చెప్పించాడు. అంతకంటే స్పష్టమైన వాగ్దానం ఏ కూటంలో దొరుకుతుంది? అయినా అదే ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. వాగ్దానం చేతికొచ్చాక కూడా కట్టు కట్టారు, దాన్ని అవిశ్వాసమని ఎవరూ అనలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే, తీసేయలేదు, కృప చాలునన్నాడు ప్రభువు. ఆ పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే. మీ పాస్టరు గారి దగ్గరికి మీవారితో కలిసి వెళ్ళి ఇవన్నీ మాట్లాడండి. పెద్దమ్మలకు మీరు జవాబు చెప్పుకోనక్కర్లేదు. వాళ్ళు మిమ్మల్ని ప్రేమించే అన్నారు, నేను కాదనను. కానీ తెల్లవారి వేళ్ళు ముడుచుకోలేక పాప జడ వెయ్యలేకపోతున్నది మీరు, వాళ్ళు కారు. ప్రార్థన మానమని నేను అనను. ప్రార్థనలో నూనె రాయించుకోండి, డాక్టరు చెప్పినట్టు మందూ వేసుకోండి.

స్టూడియో మూయకండి. దాని కొలతలు మాత్రం మార్చాలి. ఇన్నాళ్ళూ పని ఎంత అడిగితే మీ ఒళ్ళు అంత ఇచ్చింది, ఇకమీదట ఒళ్ళు ఎంత ఇస్తుందో పని అంతే ఉండాలి. ఈ జబ్బులో కీళ్ళ బిగువు పొద్దున ఎక్కువ, మధ్యాహ్నానికి సడలుతుంది. కాబట్టి ఉదయం షూట్లు వద్దు. సాయంత్రం నాలుగు దాటాక వెలుగూ మెత్తబడుతుంది, మీ వేళ్ళూ విచ్చుకుంటాయి. మహేంద్రతనయ నది ఒడ్డున ఫ్యామిలీ ఫొటోలకు ఆ వేళే బాగుంటుంది. తెలుగువాళ్ళ బారసాలలు, ఒడియావాళ్ళు 21వ రోజున చేసే ఏకోయిశా, మీ సంఘంలో పిల్లల ప్రతిష్ఠలు, బాప్తిస్మాలు గంటా రెండు గంటల్లో అయిపోయే పనులు. వాటిని ప్రధానం చేసుకోండి. పసిపిల్లల ఫొటోలకు నేల మీద గొంతుక్కూర్చోవద్దు, కిటికీ పక్కన బల్ల ఎత్తులో పరుపు వేయించండి.

రాత్రి ముహూర్తాల పెళ్ళిళ్ళు తెల్లవార్లూ నిలబెడతాయి. ఒప్పుకున్న మూడింటిలో, మీకు బాగా దగ్గరివాళ్ళదైతే ఒక్కటి ఉంచుకోండి, అదీ తోడుగా ఇంకొక ఫొటోగ్రాఫర్‌ను పెట్టుకుని. మిగతా ఇద్దరికీ ఇప్పుడే ఫోన్ చేసి, నమ్మకమైన మనిషిని చూపించండి, ఇష్టం లేకపోతే అడ్వాన్సు తిరిగి ఇచ్చేయండి. ముహూర్తం ముందురోజు చేతులెత్తేస్తే ఊళ్ళో పేరు పోతుంది, ఇప్పుడే చెబితే మర్యాద నిలుస్తుంది. ఇకమీదట బుకింగ్ కాగితం మీదే, అవసరమైతే ఫలానావారు వస్తారని రాయండి. జబ్బు పేరు అందరికీ చెప్పక్కర్లేదు. అడ్వాన్సు డబ్బు ఫంక్షన్ అయ్యేదాకా విడిగా ఉంచండి. క్రైస్తవ పెళ్ళిళ్ళు ఎక్కువగా పగలే జరుగుతాయి, వాటిలో సగంపూట పని మీకు చేతనవుతుంది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఆ పెళ్ళిళ్ళు దాదాపు ఉండవు కాబట్టి అప్పుడు ఆల్బమ్ పనీ విశ్రాంతీ పెట్టుకోండి. ఆదివారం ఆర్డర్లు తీసుకోవచ్చా అని అడిగారు. తీసుకోకండి, ఆ ఒక్కరోజు మీకు కావాలి.

పెద్ద కెమెరాకు అప్పు వద్దేవద్దు. పెద్ద ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 70-200 ఎం.ఎం. జూమ్ లెన్సు తగిలిస్తే బరువు రెండు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, ఆ బరువు మీ మణికట్టు మీదే పడుతుంది. చిన్న మిర్రర్‌లెస్ కెమెరాకు 50 ఎం.ఎం. లెన్సు పెడితే కిలోకి లోపే. సెకండ్ హ్యాండ్‌దైనా ఫరవాలేదు. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకు సుభద్ర పథకం కింద ఏడాదికి రెండు విడతలుగా ఇచ్చే 10,000 రూపాయలు మీకు వస్తుంటే, ముందు మోనోపాడ్ (కెమెరా బరువు మోసే ఒంటికాలి స్టాండు), రెండు భుజాలకూ వేసుకునే పట్టీ కొనుక్కోండి.

పాప ఎత్తుకోమని చేతులు చాస్తే ఏడుపొస్తోందని రాశారు. నిలబడి ఎత్తుకోకండి. మీరు కుర్చీలో కూర్చోండి, తననే ఎక్కి ఒళ్ళోకి రమ్మనండి. మూడేళ్ళ పిల్లకు అమ్మ ఒడి దొరికితే చాలు, లేచి ఎత్తుకుందా కూర్చుని ఎత్తుకుందా అన్న లెక్క దానికి లేదు. అమ్మ చేతికి నొప్పి అని దాచకుండా చెప్పండి, అర్థం చేసుకుంటుంది. పొద్దున జడ వేసే పని మీవారు నేర్చుకోవాలి. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించండి. పెద్ద కెమెరా కొనిపెట్టాలన్న ప్రేమ ఉన్న మనిషికి ఇదేమీ బరువు కాదు.

అత్తగారితో వాదించవద్దు. విశాఖకు వెళ్ళేటప్పుడు ఆవిడనూ గుణుపూర్-విశాఖ రైల్లో మీ వెంట తీసుకెళ్ళండి. బాలింత వాతం కాదన్న మాట, రెండో బిడ్డ విషయంలో జాగ్రత్తలు, రెండూ డాక్టరు నోటనే విననివ్వండి. పాత రక్తపరీక్షల కాగితాలు, మాత్రలు ఆపిన తేదీ రాసిన చీటీ సంచిలో పెట్టుకోవడం మరిచిపోకండి.